దశాబ్దపు మేటి ర్యాపర్ ఎవరన్న వాదన, దాని వెనుక మారిన కొలబద్ద

2010 నుంచి 2019 దాకా సాగిన దశాబ్దంలో అందరికంటే గొప్ప ర్యాపర్ ఎవరని అడిగితే హిప్-హాప్ వినేవాళ్లలో చాలామంది నోట రెండు పేర్లలో ఒకటి వస్తుంది. ఒకటి కాలిఫోర్నియాలోని కాంప్టన్‌లో పుట్టి పెరిగిన కెండ్రిక్ లమార్, రెండోది కెనడాలోని టొరంటో నుంచి వచ్చిన డ్రేక్. మూడో పేరు కావాలంటే నార్త్ కరొలైనాకు చెందిన జె. కోల్‌ను కలుపుతారు. ఈ ముగ్గురినీ 'బిగ్ త్రీ' అని ఒక గాటన కట్టడం అభిమానులకు ఎప్పటినుంచో అలవాటు. 2023 అక్టోబరులో డ్రేక్ ఆల్బమ్‌లోని ఒక పాటలో జె. కోల్ స్వయంగా ఆ మాట ఎత్తాడు. 2024 మార్చిలో కెండ్రిక్ ఆ ముగ్గురి లెక్కను కొట్టిపారేసి, ఉన్నది తానొక్కడినేనన్నాడు. దానితో రాజుకున్న పాటల పోరులోంచి కోల్ ఏప్రిల్‌లోనే వేదిక మీద క్షమాపణ చెప్పి తప్పుకున్నాడు. మే నెలలో డ్రేక్‌ను ఎండగడుతూ కెండ్రిక్ వదిలిన 'నాట్ లైక్ అస్' 2025 ఫిబ్రవరిలో ఐదు గ్రామీలు గెలిచింది, ఆ మరుసటి ఆదివారమే అతడు న్యూ ఆర్లియన్స్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్ బౌల్ విరామ ప్రదర్శనలో దాన్ని పాడాడు.

దీంతో పాత వాదన కూడా తేలిపోయిందని చాలామంది అనుకున్నారు. నిజానికి తేలలేదు. 2024లో ఇద్దరి మధ్య జరిగిన పోరులో ఎవరు నెగ్గారన్నది ఒక విషయం, అంతకుముందు దశాబ్దంలో ర్యాప్ అనే కళను ఎవరు ఎక్కడికి తీసుకెళ్లారన్నది మరో విషయం. రెండో ప్రశ్న ఎన్నేళ్లు వాదించినా ఎటూ తెగకపోవడానికి అభిమానుల మొండిపట్టు ఒక్కటే కారణం కాదు. ఆ పదేళ్లలో ర్యాపర్ల వరుసతో పాటు ర్యాపర్‌ను కొలిచే కొలబద్ద కూడా మారిపోయింది. వాదనకు దిగినవాళ్లలో ఒక్కొక్కరు ఒక్కో కొలబద్ద పట్టుకుని, అవతలివాళ్ల చేతిలో ఉన్నదీ అదేననుకుంటూ మాట్లాడుతున్నారు.

పాత కొలబద్ద న్యూయార్క్‌లో తయారైంది. 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ భవనంలో సిండీ క్యాంప్‌బెల్ ఏర్పాటు చేసిన పార్టీలో ఆమె అన్న డీజే కూల్ హెర్క్ రికార్డులు తిప్పిన రోజును హిప్-హాప్ పుట్టినరోజుగా చెప్పుకుంటారు. ఆ తొలినాళ్లలో పెద్దపీట డీజేకే. మైకు పట్టుకున్నవాడి పని నాట్యం చేసేవాళ్లను హుషారెక్కించడం వరకే. అతడు కవిగా ఎదగడానికి పదేళ్లకు పైనే పట్టింది. 1987లో ఎరిక్ బి.తో కలిసి రకీమ్ తెచ్చిన 'పెయిడ్ ఇన్ ఫుల్' ఆ మలుపుకు గుర్తుగా నిలిచింది. అంతవరకు ఎక్కువగా పాదం చివరనే పడుతూ వచ్చిన ప్రాసను రకీమ్ పాదం మధ్యలోకి తెచ్చాడు, ఒక పాదంలో ఎత్తుకున్న వాక్యాన్ని తరువాతి పాదంలోకి సాగదీశాడు, గొంతు పెంచకుండా నిదానంగా చెబుతూనే వినేవాళ్లను కట్టిపడేశాడు. 1994లో ఇరవై ఏళ్ల నాస్ తన మొదటి ఆల్బమ్ 'ఇల్‌మాటిక్' తెచ్చి, ద సోర్స్ అనే హిప్-హాప్ పత్రిక ఇచ్చే అత్యున్నత రేటింగైన ఐదు మైకులు అందుకునే నాటికి, మంచి ర్యాపర్‌లో ఉండాల్సినవేమిటో స్థిరపడిపోయాయి. ప్రాస చిక్కగా ఉండాలి, శ్లేష పండాలి, కథ కళ్లకు కట్టాలి, ఊపిరి మీద అదుపుండాలి, అన్నిటికీ మించి ఎవరి పాదం వాళ్లే రాసుకోవాలి.

ఈ కొలబద్ద గొప్పదే, కానీ అది ఒక నగరానిది. 1995 ఆగస్టు 3న న్యూయార్క్‌లో జరిగిన సోర్స్ అవార్డుల సభలో అట్లాంటా నుంచి వచ్చిన అవుట్‌కాస్ట్ జంటను ఉత్తమ నూతన బృందంగా ప్రకటించగానే ప్రేక్షకులు ఈసడింపు కేకలు వేశారు. ఆండ్రే 3000 మైకు అందుకుని, అమెరికా దక్షిణాదికి చెప్పాల్సిన మాట ఒకటుందని అన్నాడు. ఆ సభలో ఉన్న చాలామందికి అది ఓ కుర్రవాడి ఉక్రోషంలా వినిపించి ఉండవచ్చు. పదిహేనేళ్ల తరువాత అమెరికా ర్యాప్‌కు రాజధాని అట్లాంటాయే అయింది. అవుట్‌కాస్ట్‌కు సంగీతం సమకూర్చిన ఆర్గనైజ్డ్ నాయిజ్ బృందంలో రికో వేడ్ ఒకడు. అతడి దగ్గరి బంధువైన ఒక కుర్రవాడు వాళ్ల స్టూడియోలోనే పని నేర్చుకుని, తరువాత ఫ్యూచర్ అనే పేరుతో 2010ల ర్యాప్ గొంతునే మార్చేశాడు. అతడి సంగతికి వచ్చేముందు, పాత కొలబద్ద ప్రకారం దశాబ్దపు కిరీటం ఎవరిదో చూడాలి, ఎందుకంటే అక్కడ పెద్ద పోటీ లేదు.

2012 అక్టోబరులో వచ్చిన కెండ్రిక్ ఆల్బమ్ 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' కాంప్టన్‌లో ఒక కుర్రవాడి జీవితంలోని ఒక రోజును కథగా చెబుతుంది. అందులో పన్నెండు నిమిషాల 'సింగ్ అబౌట్ మి, ఐయామ్ డయింగ్ ఆఫ్ థర్స్ట్' ఒక్కటి వింటే చాలు, అతడి పనితనం తెలిసిపోతుంది. మొదటి చరణంలో మాట్లాడేది కెండ్రిక్ కాదు, కాల్పుల్లో చనిపోయిన ఒక స్నేహితుడి అన్నదమ్ముడు. పగ తీర్చుకోవాలన్న ఆవేశానికీ ఈ బతుకు నుంచి బయటపడాలన్న కోరికకూ మధ్య నలుగుతూ, నేను పోతే నా గురించి పాడమని కెండ్రిక్‌ను అడుగుతాడు. అతడి మాట పూర్తికాకముందే తుపాకీ మోత వినిపించి చరణం తెగిపోతుంది. రెండో చరణంలో ఒక యువతి నిలదీస్తుంది. అంతకుముందు ఆల్బమ్‌లో కెండ్రిక్ ఆమె అక్క కథను పాటగా చెప్పాడు, అలా చెప్పే హక్కు నీకెవరిచ్చారని ఆమె కోపం. తాను ఎప్పటికీ కనుమరుగు కానని ఆమె పదే పదే అంటూ ఉండగానే ఆమె గొంతు క్రమంగా సన్నగిల్లి సంగీతంలో కలిసిపోతుంది, మాటలు నడుస్తూనే ఉంటాయి గానీ మనకు వినిపించవు. మూడో చరణంలో గానీ కెండ్రిక్ తన గొంతుతో జవాబు చెప్పుకోడు. మరొకరి కథను వాడుకునే కళాకారుడి బాధ్యత గురించి ఇంత నిజాయితీగా తనను తాను బోనులో నిలబెట్టుకున్న ర్యాప్ పాటలు చాలా తక్కువ. మొదటి చరణాన్ని తుపాకీ మోత తెంచితే రెండో చరణాన్ని శబ్దం తగ్గించే మీట తెంచింది, అంటే చావు ఒకసారి కథలో జరిగి రెండోసారి ధ్వనిలో జరిగింది.

2013 ఆగస్టులో బిగ్ షాన్ పాట 'కంట్రోల్'లో కెండ్రిక్ చెప్పిన చరణం పాత కొలబద్దకు మళ్లీ పదును పెట్టింది. అప్పటికి పైకి వస్తున్న ర్యాపర్లలో డ్రేక్, జె. కోల్, మీక్ మిల్, పుషా టి, టైలర్, మ్యాక్ మిల్లర్ సహా పదకొండు మందిని, పాట సొంతదారుడైన బిగ్ షాన్‌ను కూడా వదలకుండా, పేరుపేరునా పిలిచి మీ అందరినీ మించిపోతానన్నాడు. కాంప్టన్ వాడై ఉండి న్యూయార్క్ రాజు తానేనన్నందుకు అక్కడివాళ్లు ముక్కున వేలేసుకున్నారు, రోజుల వ్యవధిలో జవాబు పాటలు వరసకట్టాయి. స్నేహపూర్వకంగా ఒకరి ఆల్బమ్‌లో ఒకరు కనిపిస్తూ కాలం గడుపుతున్న ఆ తరానికి ర్యాప్ పుట్టుకలోనే పోటీ ఉందని గుర్తుచేసింది ఆ చరణం.

ఆ తరువాత వచ్చినవి అందరికీ తెలిసినవే. 2014 గ్రామీలలో ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ పురస్కారం కెండ్రిక్‌ను కాదని మ్యాకిల్‌మోర్, రయాన్ లూయిస్ జంటకు వెళ్లింది. 2015 మార్చిలో జాజ్, ఫంక్ సంగీతాలను కలిపి చేసిన 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' వచ్చింది. అందులోని 'ఆల్‌రైట్' పల్లవి ఆ ఏడాది జులైలో క్లీవ్‌లాండ్‌లో పోలీసులకు ఎదురుగా నిలబడ్డ నల్లజాతి నిరసనకారుల నినాదమైంది. 2017 ఏప్రిల్‌లో వచ్చిన 'డ్యామ్'కు మరుసటి ఏడాది పులిట్జర్ సంగీత పురస్కారం దక్కింది. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా మరో సంగీతానికి ఆ పురస్కారం రావడం అదే మొదలు. రాత మీద, కథ మీద, ఆల్బమ్ నిర్మాణం మీద ఆధారపడే ఏ కొలతలోనైనా ఆ దశాబ్దంలో ఇతడికి సాటి వచ్చేవాళ్లు కనబడరు. 2014 చివర్లో వచ్చిన ఆల్బమ్‌తో తన పెద్ద అభిమాన గణాన్ని గట్టిగా కట్టుకున్న జె. కోల్ మంచి కథకుడే, కానీ అతడి పాటల్లో నీతి పాటను మించిపోయే సందర్భాలు ఎక్కువ, ఒక ఆల్బమ్‌కూ ఇంకో ఆల్బమ్‌కూ మధ్య దూరం తక్కువ.

డ్రేక్ విషయంలో వాదన ఇంకో దారి పట్టాలి, ఎందుకంటే అతడి బలం వేరే చోట ఉంది. 2008 నవంబరులో కాన్యే వెస్ట్ '808స్ అండ్ హార్ట్‌బ్రేక్' ఆల్బమ్‌లో ర్యాప్‌ను దాదాపు పక్కనపెట్టి, గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని తన దుఃఖాన్ని పాడినప్పుడు చాలామంది పెదవి విరిచారు. 2009లో 'సో ఫార్ గాన్' మిక్స్‌టేప్‌తో (ఆల్బమ్‌లా అమ్మకుండా ఎక్కువగా ఉచితంగా వదిలే పాటల సంకలనంతో) డ్రేక్ అదే దారిని రాజమార్గం చేశాడు. ఒకే పాటలో ర్యాప్ చెప్పడం, పాడడం, మళ్లీ ర్యాప్‌లోకి రావడం ఎంత అతుకు తెలియకుండా చేశాడంటే, ఏది చరణమో ఏది పల్లవో వేరు చేసి చూడడం శ్రోతలు మానేశారు. మెత్తబడడం, అసూయ, అర్ధరాత్రి ఫోన్లు, గెలిచినా తీరని ఒంటరితనం ర్యాపర్ చెప్పుకోదగ్గ విషయాలే అని 2011 నాటి 'టేక్ కేర్' స్థిరపరిచింది. ఈ మార్పును చిన్నచూపు చూడడం తప్పు.

అయితే డ్రేక్ అభిమానులు ముందుకు తెచ్చేది ఇది కాదు, అంకెలు. ఆ అంకెలు చిన్నవీ కావు. 2018లో 'గాడ్స్ ప్లాన్' 11 వారాలు, 'నైస్ ఫర్ వాట్' 8 వారాలు, 'ఇన్ మై ఫీలింగ్స్' 10 వారాలు అమెరికా పాటల వారపు జాబితా అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానంలో ఉన్నాయి, అంటే ఆ ఏడాదిలో సగానికి పైగా అమెరికాలో మొదటి పాట అతడిదే. ఆ జులైలో ఒకే వారం మొదటి పది స్థానాల్లో ఏడు అతడివే అయ్యాయి, 1964లో బీటిల్స్ బృందం నెలకొల్పిన ఐదు పాటల రికార్డు చెరిగిపోయింది.

ఈ అంకెలను అర్థం చేసుకోవాలంటే లెక్క కట్టే పద్ధతి తెలియాలి. ఒకప్పుడు ఆల్బమ్ అంటే దుకాణంలో డబ్బిచ్చి కొన్న డిస్కు. కొన్నవాడు దాన్ని నూరుసార్లు విన్నా, ఒక్కసారి విని మూల పడేసినా చార్టులో పడేది ఒక్క గీతే. 2014 డిసెంబరు నుంచి బిల్‌బోర్డ్ ఆల్బమ్‌లోని పాటలను 1,500 సార్లు స్ట్రీమింగ్‌లో వింటే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు లెక్కించడం మొదలుపెట్టింది. అప్పటినుంచి ఎక్కువ పాటలుంటే ఎక్కువ ప్లేలు, ఎక్కువ ప్లేలుంటే పెద్ద అంకె. 2018 జూన్ చివర్లో వచ్చిన డ్రేక్ 'స్కార్పియన్'లో 25 పాటలున్నాయి. మొదటి వారం దాని ఖాతాలో పడిన సుమారు 7,32,000 యూనిట్లలో నేరుగా కొన్నవి సుమారు 1,60,000 మాత్రమే, మిగతా సింహభాగం స్ట్రీమింగ్ నుంచి వచ్చింది. అదే ఏడాది మే నెలలో పుషా టి తెచ్చిన 'డేటోనా'లో ఉన్నవి 7 పాటలు, నిడివి 21 నిమిషాలు. అందులో పారేయదగ్గ పంక్తి వెతికినా దొరకదు, కానీ చార్టు కట్టే లెక్కలో ఆ పొదుపుకు విలువ లేదు. నేపథ్యంలో మోగుతూ పోవడానికి వీలైన సంగీతాన్ని ఈ పద్ధతి నెత్తికెత్తుకుంది, కూర్చుని శ్రద్ధగా వినాల్సిన దాన్ని వెనక్కి నెట్టింది. డ్రేక్ అంకెలు అబద్ధం కావు, కాకపోతే అవి శ్రోతల అలవాటును కొలుస్తాయే తప్ప ర్యాప్‌ను కొలవవు.

కొలబద్ద నిజంగా మారిందనడానికి అంకెలకంటే బలమైన సాక్ష్యం 2015 జులైలో దొరికింది. డ్రేక్ తన చరణాలు తాను రాసుకోడని మీక్ మిల్ బహిరంగంగా ఆరోపించాడు. ర్యాప్‌లో ఒకరికోసం మరొకరు రాయడం కొత్తేమీ కాదు, బిజ్ మార్కీకి బిగ్ డాడీ కేన్ రాశాడు, డాక్టర్ డ్రే పాదాలు ఇతరులు రాసిన సంగతి అందరికీ తెలుసు. కానీ వాళ్లు మేటి ర్యాపర్ అనే బిరుదుకు పోటీ పడలేదు. ఆ బిరుదు కోరేవాడి మీద ఇలాంటి ఆరోపణ ఇరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే అతడు తలెత్తుకోగలిగేవాడు కాదు. 2015లో మాత్రం డ్రేక్ కొన్ని రోజుల తేడాతో రెండు జవాబు పాటలు వదిలాడు, రెండోదైన 'బ్యాక్ టు బ్యాక్' నైట్‌క్లబ్బుల్లో మారుమోగింది, జనం దృష్టిలో ఓడిపోయింది ఆరోపించినవాడే. పాదం ఎవరు రాశారన్న ప్రశ్న కంటే పాట ఎలా మోగుతోందన్న ప్రశ్న శ్రోతలకు ముఖ్యమైపోయిందని ఆ వేసవిలో రుజువైంది.

ఆ మోత అట్లాంటా నుంచి వచ్చింది. కెండ్రిక్, డ్రేక్ అనే ఇద్దరి చుట్టూ తిరిగే వాదనలో ఎప్పుడూ అన్యాయమైపోయేది ఈ నగరమే. 1980లో రోలాండ్ సంస్థ తెచ్చిన టీఆర్-808 డ్రమ్ యంత్రపు గుండెలదిరే బేస్, దాని మీద గజ్జెల్లా చకచకా మోగే హై-హ్యాట్లు (డ్రమ్ సెట్టులోని జంట తాళాలు), నెమ్మదైన నడక కలిస్తే ట్రాప్ సంగీతం. టి.ఐ., యంగ్ జీజీ, గూచీ మేన్ 2000లలో దీనికి పునాది వేశారు. 2010లలో దాని మీద కట్టిన కట్టడం మాటలను వాడే తీరునే మార్చింది.

2013లో మిగోస్ త్రయం వదిలిన 'వెర్సాచే' దీనికి తేలికైన ఉదాహరణ. పల్లవి అంతా ఆ బ్రాండు పేరును మళ్లీ మళ్లీ అనడమే కాబట్టి, కాగితం మీద చూస్తే అందులో ఏమీ లేదు. విన్నప్పుడు అర్థమయ్యేది వేరు. పాత ర్యాప్ ఎక్కువగా చతురస్ర గతిలో, ఒక దెబ్బకు నాలుగు అక్షరాల లెక్కన నడిచేది. 'వెర్సాచే' అనే మాటలో మూడు అక్షరాలున్నాయి, మిగోస్ ఆ మూడింటినీ ఒక్క దెబ్బలో ఇమిడ్చి, చతురస్రంలో నడుస్తున్న తాళం మీద తిస్ర గతిని పరిచారు. తకధిమి నడకలో తకిట దూరితే పుట్టే ఆ తోపులాటే పాటకు ప్రాణం. ఈ పద్ధతిని మెంఫిస్‌కు చెందిన త్రీ సిక్స్ మాఫియా, క్లీవ్‌లాండ్‌కు చెందిన బోన్ థగ్స్-ఎన్-హార్మొనీ 1990లలోనే వాడారు. కానీ దాన్ని ఒక తరమంతటికీ మాతృభాషలా చేసింది మిగోస్. రెండు మూడేళ్లలో దాన్ని వాడని ర్యాపర్‌ను వేళ్ల మీద లెక్కపెట్టాల్సి వచ్చింది, డ్రేక్ అయితే ఆ ఏడాదే 'వెర్సాచే' రీమిక్స్‌లో అదే గతిలో చరణం చెప్పాడు.

ఫ్యూచర్ చేసింది ఇంతకంటే లోతైనది. 2014 అక్టోబరు నుంచి 2015 మార్చి మధ్య అతడు 'మాన్‌స్టర్', 'బీస్ట్ మోడ్', '56 నైట్స్' అనే మూడు మిక్స్‌టేపులు వరుసగా వదిలి, జులైలో 'డీఎస్2' ఆల్బమ్ తెచ్చాడు. శ్రుతి సరిచేయడానికి పుట్టిన ఆటోట్యూన్‌ను అతడు శ్రుతి తప్పిన గొంతు మీద వేసి, ఆ గొంతు విరిగే చోట యంత్రం తడబడేలా చేశాడు. మత్తు, డబ్బు, స్త్రీల గురించి అతడు చెప్పే మాటలు గొప్పలు పోతున్నట్టే ఉంటాయి, కానీ ఆ మాటలను మోసే గొంతు ఏడుస్తూ ఉంటుంది. మాటకూ గొంతుకూ మధ్య ఉన్న ఆ వైరుధ్యమే అతడి కవిత్వం, దాన్ని పట్టుకోవాలంటే సాహిత్యం అచ్చువేసి చదివితే లాభం లేదు. 2017 ఫిబ్రవరిలో వరుసగా రెండు వారాల్లో వచ్చిన అతడి రెండు ఆల్బమ్‌లు ఒకదాని తరువాత ఒకటి మొదటి స్థానంలో అడుగుపెట్టాయి.

యంగ్ థగ్ ఇంకొక మెట్టు పైకెక్కాడు. 2016 ఆగస్టు నాటి 'జెఫరీ'లోని 'హరాంబే' పాటలో అతడి గొంతు గరగరగా మొదలై, అరుపుగా మారి, ఎక్కడ పాటో ఎక్కడ కేకో తెలియనంతగా చీలిపోతుంది. ఒక అక్షరాన్ని సాగదీసి, తరువాతి మూడింటిని మింగేసి, మధ్యలో ఒక కూతతో తాళాన్ని పూరిస్తాడు. రకీమ్ ప్రాసను పాదం మధ్యలోకి తెచ్చినంత పెద్ద మార్పు ఇది, ఇప్పటికీ దానికి దక్కాల్సిన గౌరవం దక్కలేదు. తరువాత వచ్చిన గన్నా, లిల్ బేబీ వంటి అట్లాంటా ర్యాపర్ల మీద అతడి ముద్ర చెవికి వెంటనే తగులుతుంది.

పాత తరం ఈ కొత్తదనాన్ని 'మంబుల్ ర్యాప్' అని, అంటే నోట్లో గొణుక్కునే ర్యాప్ అని పక్కన పెట్టింది. 2016లో ఆ గొడవ తారస్థాయికి చేరింది. 1990ల ర్యాప్ దిగ్గజాలైన బిగ్గీ, టుపాక్ పాటల పేర్లు ఐదేసి చెప్పలేనని లిల్ యాటీ ఒప్పుకోవడంతో పెద్దవాళ్లు మండిపడ్డారు. న్యూయార్క్ రేడియోలో డీజే ప్రీమియర్ చేసిన పాత బీట్ (ర్యాప్ వెనుక మోగే సంగీతం) వేస్తే దాని మీద ర్యాప్ చెప్పనని లిల్ ఉజీ వర్ట్ నిరాకరించాడు. ఈ నిరాకరణను అజ్ఞానమని తీసిపారేసినవాళ్లు అందులోని స్పష్టతను చూడలేదు, ఎందుకంటే ఆ బీట్ మీద నిలబడి గెలవడమన్నది న్యూయార్క్ పెట్టే పరీక్ష, ఫిలడెల్ఫియా కుర్రవాడికి ఆ పరీక్ష రాయాల్సిన అవసరం ఆనాటికి లేదు. పరీక్ష పెట్టే అధికారం రేడియో నుంచి, పత్రికల నుంచి సౌండ్‌క్లౌడ్‌కు, యూట్యూబ్‌కు మారిపోయింది.

ఆ అధికారం చేతులు మారడాన్ని అందరికంటే ముందు చూపించినవాడు చికాగోకు చెందిన చీఫ్ కీఫ్. పదహారేళ్ల వయసులో గృహనిర్బంధంలో ఉండి అమ్మమ్మ ఇంట్లోనే వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టాడు, 2012లో 'ఐ డోంట్ లైక్' దేశమంతా పాకింది. చికాగో డ్రిల్ అనే ఆ శైలి లండన్ వెళ్లి అక్కడి బేస్ మలుపులు, తడబడే డ్రమ్ములు అద్దుకుంది, 2019లో లండన్ నిర్మాత 808మెలో బీట్ల మీద బ్రూక్లిన్‌కు చెందిన పాప్ స్మోక్ గొంతుతో న్యూయార్క్‌లోకి తిరిగొచ్చింది. దశాబ్దపు మేటి పది మంది జాబితాల్లో చీఫ్ కీఫ్ పేరు కనబడడం అరుదు. ప్రభావమే కొలబద్ద అయితే అతడు మొదటి ఐదుగురిలో ఉండాలి.

అమెరికా బయట వినేవాళ్ల సంగతి ఇక్కడ ఒకటి చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఈ సంగీతాన్ని యూట్యూబ్‌లో విన్న తెలుగు కుర్రకారుకు అట్లాంటా వీధి మాట మొదటిసారి వింటే సగం కూడా అర్థం కాదు. స్పాటిఫై భారతదేశానికి వచ్చిందే 2019 ఫిబ్రవరిలో. అలాంటి శ్రోతకు మొదట చేరేది గతి, గొంతు, బేస్. సాహిత్యం తరువాత చేరుతుంది, ఒక్కోసారి చేరనే చేరదు. ట్రాప్ శైలి భాష తెలియని దేశాల్లో అంత వేగంగా వేళ్లూనుకోవడానికి అది మాటకంటే ముందు ధ్వనిగా పనిచేయడం ఒక కారణమని చెప్పవచ్చు.

స్త్రీల విషయంలో రెండు కొలబద్దలూ తప్పాయి. 2010లో కాన్యే వెస్ట్ 'మాన్‌స్టర్' పాటలో జే-జెడ్, రిక్ రాస్, కాన్యేల సరసన నిలబడ్డ నిక్కీ మినాజ్, అప్పటికి తన మొదటి ఆల్బమ్ కూడా రాకముందే, ఆ ముగ్గురినీ వెనక్కి నెట్టింది. ముద్దుమాటల గొంతు, రాకాసి గొంతు రెండింటినీ ఒకే చరణంలో మార్చి మార్చి వాడుతూ ఆమె చేసిన పని పాత పద్ధతిలో రాత, కొత్త పద్ధతిలో గొంతు రెండూ కలిసినది. అయినా దశాబ్దపు వాదనలో ఆమెను 'మేటి మహిళా ర్యాపర్' అనే విడి గదిలో కూర్చోబెట్టారు. 1998లో లారిన్ హిల్ తరువాత మరో మహిళా ర్యాపర్ ఎవరి తోడూ లేకుండా హాట్ 100లో మొదటి స్థానం చేరడానికి 2017లో కార్డీ బి వచ్చేదాకా 19 ఏళ్లు పట్టింది. ఆ ఖాళీ ప్రతిభ లేక ఏర్పడింది కాదు. పెద్ద కంపెనీలు ఒక కాలానికి ఒక్క స్త్రీకే చోటివ్వడం వల్ల ఏర్పడింది.

2023 మొదట్లో బిల్‌బోర్డ్, వైబ్ పత్రికలు కలిసి అన్ని కాలాల యాభై మంది గొప్ప ర్యాపర్ల జాబితా వేశాయి. జే-జెడ్ మొదటి స్థానంలో, కెండ్రిక్ రెండో స్థానంలో, నాస్ మూడో స్థానంలో ఉన్నారు. డ్రేక్ ఎనిమిదో స్థానంలో, నిక్కీ మినాజ్ పదో స్థానంలో నిలిచారు. మొదటి పదిలో ఫ్యూచర్ లేడు, యంగ్ థగ్ లేడు. మిక్స్‌టేపుల వెల్లువతో వీళ్లిద్దరికీ దారి చూపిన లిల్ వేన్‌కు మాత్రం ఏడో స్థానం దక్కింది. జాబితా వేసేవాళ్లు మారిన చెవితోనే పాటలు వింటున్నా, పేర్లు రాయాల్సి వచ్చేసరికి పాత కొలబద్దనే చేతికి తీసుకుంటున్నారని దీన్నిబట్టి తెలుస్తుంది.

దశాబ్దానికి మేటి ఎవరన్న ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే అది కెండ్రిక్ లమారే. కాకపోతే అతడి అభిమానులు చెప్పే కారణం సగమే నిజం. పాత ర్యాప్‌ను కాపాడినవాడని అతడిని పొగుడుతారు గానీ, అతడి గొప్పతనం పాతదాన్ని కాపాడడంలో లేదు. 2015 ఆల్బమ్‌లోని 'యు' పాట రెండో సగంలో హోటల్ గదిలో తాగి తనను తాను తిట్టుకునే మనిషిగా అతడి గొంతు పగిలిపోతుంది, సీసా తగిలిన చప్పుడు మధ్యమధ్య వినిపిస్తుంది, ఏడుపు ప్రాసను మింగేస్తుంది. ఫ్యూచర్, థగ్ గొంతుతో సాధించినదేమిటో అతడు గ్రహించి, దాన్ని పాత్రలకూ కథకూ కట్టబెట్టాడు. రెండు కొలబద్దలతో కొలిచినా నిలబడేవాడు అతడొక్కడే కావడం వల్లే మొదటి స్థానం అతడికి దక్కుతుంది. రెండో స్థానం డ్రేక్‌ది కాదు, ఫ్యూచర్‌ది. డ్రేక్ తన కాలపు రుచిని అందరికంటే ముందు పసిగట్టి, దానికి అందరికంటే నున్నటి రూపం ఇచ్చాడు. ఆ రుచిని పుట్టించినవాళ్లలో ఫ్యూచర్ ఒకడు, 2015లో వాళ్లిద్దరూ కలిసి చేసిన మిక్స్‌టేప్ వింటే ఎవరి ఇంట్లో ఎవరు అతిథో తెలిసిపోతుంది.

ఈ వరుసతో ఏకీభవించనివాళ్లు ఉంటారు, ఉండాలి కూడా. కానీ ఇకమీద వాదించేవాళ్లు ముందు తేల్చుకోవాల్సిన విషయం ఒకటి ఆ దశాబ్దపు చివరి గ్రామీ సభలో బయటపడింది. 2020 జనవరి 26న ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌గా టైలర్, ద క్రియేటర్ 'ఇగోర్' గెలిచింది. ఆ ఆల్బమ్‌లో ర్యాప్ కొద్దిగానే ఉంటుంది, ఎక్కువ భాగం గొంతు మార్చి పాడిన విఫలప్రేమ గీతాలు. పురస్కారం అందుకున్నాక టైలర్ తెర వెనుక విలేకరులతో మాట్లాడుతూ, తనలాంటి రంగు ఉన్నవాళ్లు ఏ సంగీతం చేసినా ర్యాప్ అనో అర్బన్ అనో ఒక గదిలో వేస్తారని, ఆ గెలుపు ఒక వైపు మెచ్చుకోలుగా ఉంటూనే ఇంకో వైపు చిన్నబుచ్చినట్టు అనిపించిందని చెప్పాడు. పదేళ్ల పాటు ర్యాప్ పాటలోకి, పాట ర్యాప్‌లోకి చొచ్చుకుపోయాక, ఎవరిని ర్యాపర్‌గా లెక్కలోకి తీసుకోవాలో నిర్ణయిస్తున్నది చెవి కాదు, పురస్కారాలు పంచే సంస్థల పాత గదులే. 'ఇగోర్' ర్యాప్ ఆల్బమ్ అయితే టైలర్ పేరు ఈ దశాబ్దపు మొదటి ఐదుగురిలోకి రావాలి, కాకపోతే గ్రామీ ఆ ఏడాది ఉత్తమ ర్యాప్ ఆల్బమ్‌ను గుర్తించనట్టే.